నలభై ఒకటో తలుపు

సుద్దపొడి పొట్లం సంచి అడుగున పెట్టింది. దాని మీద నాలుగు మడతల తెల్లగుడ్డ. గుడ్డ పక్కన దారపుండలు మూడు: నీళ్ళకి నీలం, దారికి ఆకుపచ్చ, చరియ విరిగిపడే చోటికి ఎరుపు. ఆ పైన జాబితా కాగితాలు, రెండు పెన్సిళ్ళు, రబ్బరు, ఈల, టార్చిలైటు, ఒక జత బట్టలు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే మనిషికి మారుబట్టలెందుకని ఎవరైనా అడగవచ్చు. అడిగేవాళ్ళు ఆ గదిలో లేరు. చివరికి గుండీల డబ్బా. దాన్ని మారుబట్టల్లో చుట్టి పెట్టాలి. లేకపోతే నాలుగు గంటల ప్రయాణమూ గలగలమంటూనే ఉంటుంది.

చుట్టబోయే ముందు మూత తీసి చూసుకుంది. అన్నీ పాత చొక్కాల నుంచీ జాకెట్ల నుంచీ ఊడినవే. ఎర్రవి మ్యాపులో ప్రమాదం ఉన్న ఇళ్ళకి, తెల్లవి లేని ఇళ్ళకి. పెద్ద నల్లగుండీలు వేరే పొట్లంలో ఉన్నాయి. ఇంకొకరు పట్టుకుని నడిపిస్తే తప్ప నడవలేని మనిషి ఉన్న ఇంటి మీద నల్లగుండీ పెడతారు. వాటిలో ఒకటి మిగతావాటికంటే పెద్దది, నాలుగు కన్నాలది, అంచున చిన్న పెచ్చు ఊడింది. దాన్ని వేలితో తడిమి, ఉందని నిశ్చయించుకుని, మూత బిగించింది.

తరువాత ఒక చీటీ రాసింది. వెళ్ళే చోటు, ఎక్కే బస్సు, తిరిగొచ్చే వేళ. తలుపుకి లోపలివైపు అతికించింది. బయట అతికిస్తే దొంగలకి కబురు పెట్టినట్టవుతుంది. లోపల అతికిస్తే చదివేవాళ్ళు ఉండరు. సాయంత్రం తనే వచ్చి, తనే చదివి, తనే చింపి పారేస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆ తలుపు లోపలి రంగు ఒకచోట చీటీ వెడల్పున వెలిసిపోయింది కూడా.

యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టి. నడిచేటప్పుడు కుడిభుజం కాస్త కిందికి వాలుతుంది, ఇన్నేళ్ళూ అదే భుజానికి సంచి తగిలించుకున్నందుకు. వేళ్ళ సందుల్లో సుద్ద ఎంత కడిగినా పూర్తిగా పోదు. కళ్ళజోడు కమ్మీ విరిగితే నీలం దారం చుట్టుకుంది. వెళ్ళిన ప్రతిచోటా ఆమెను మ్యాపులమ్మ అంటారు. ఆఫీసులోనూ ఆ పేరే స్థిరపడిపోయింది.

బస్సులో డ్రైవరు వెనక మూడో సీటు ఆమెది. ఆ సీటు దొరక్కపోతే ప్రయాణమంతా ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. కిటికీలోంచి వంతెనలు చూస్తూ, కింద నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో లోలోపల అనుకుంటూ పోతుంది. నిజానికి ఆమె కాగితాలకి నకళ్ళు రాసే పనిలో చేరింది, వాళ్ళమ్మ పోయిన మరుసటి ఏడాది. వరదొచ్చినా చరియ విరిగినా తప్పించుకోవడం ఎలాగో ఊళ్ళకి వెళ్ళి శిక్షణ ఇచ్చే పెద్దసారుకి ఒకసారి జ్వరం వచ్చింది. ఆయన బదులు ఎవరో ఒకరు వెళ్ళాలన్నారు. ఆ పూట ఖాళీగా కనిపించింది ఆమే. వెళ్ళింది, అలా వెళ్తూనే ఉండిపోయింది.

పెద్దసారు ఆమెకు రెండే రెండు సంగతులు నేర్పాడు. జాబితాలో మన పేరు ఎప్పుడూ రాయకూడదు, మనం సాయంత్రం బస్సెక్కి పోయేవాళ్ళం, ఇది మొదటిది. గోడ మీద మారితే సంచిలోనూ మారాలి, ఇది రెండోది. అంటే, ప్రమాదం వస్తే ఎవరి తలుపు ఎవరు కొట్టాలో చెప్పే జాబితా ప్రతి ఊళ్ళో రెండు ప్రతులు రాస్తారు. ఒకటి అక్కడి గోడకి, ఒకటి ఆమె సంచికి. ఒకదానిలో ఏ చిన్న మార్పు జరిగినా రెండోదానిలో అదే రోజు దిద్దుకోవాలి. మూడోది ఆమె తనకు తానే పెట్టుకున్న నియమం. ఏ తలుపు ఎదురుగానూ ఖాళీ వదలకూడదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కటీ వదల్లేదు.

ఆ రోజు వెళ్ళిన చోటు ఒక కొండవాలు. పైన బడి, కింద వాగు, మధ్యలో నూట పన్నెండు రాతిమెట్లు, మెట్లకి అటూ ఇటూ నలభై ఒక్క ఇళ్ళు. అట్టపెట్టెలు ఒకదాని మీదొకటి పేర్చినట్టు, కిందింటి కప్పు పైయింటి గుమ్మానికి తగిలేలా ఉంటాయి. నాలుగేళ్ళ కిందట ఇంకెవరో వచ్చి శిక్షణ ఇచ్చారు గానీ, ఆ తరవాత ఇళ్ళు పెరిగాయి, మనుషులు మారారు, పాత జాబితాని చెదలు తినేశాయి.

బడి ఆవరణ ఊడ్పించి, సుద్దపొడి వాళ్ళ చేతికే ఇచ్చింది. తను ఒక్క గీత కూడా గీయదు. ఎవరి ఊరు వాళ్ళే గీసుకోవాలి. ఎక్కడైనా జరిగేదే ఇక్కడా జరిగింది. ముందు అందరూ తమ ఇల్లు గీసుకున్నారు, ఉన్నదానికి రెండింతలు. మగవాళ్ళు రోడ్డు గీస్తే, ఆడవాళ్ళు ఏ మెట్టు అరిగిందో, ఎక్కడ నాచు పడుతుందో గీశారు. టీకొట్టాయన తన కొట్టుని బడికంటే పెద్దగా వేశాడు. అంత పెద్దదా అన్నా నీ కొట్టు, అని ఆమె అడిగితే, గిరాకీని బట్టి వేశానన్నాడు. నీ గిరాకీ సంగతి నీ గ్లాసులకి తెలుసులే, అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు.

ఎర్రగుండీల దగ్గరకొచ్చేసరికి పేచీ మొదలైంది. ఎవరికి వాళ్ళు తమ ఇంటి మీద తెల్లది పెట్టుకుని, పక్కింటి మీద ఎర్రది పెట్టారు. ఈ పేచీ ఆమెకు అలవాటే. గుండీలన్నీ తీయించింది. ఇళ్ళ సంగతి తరవాత, పోయినసారి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అంతవరకు నీలం దారం పరవమంది. చరియ జారిన చోట ఎర్రదారం పరవమంది. దారం దగ్గర ఎవరూ అబద్ధం ఆడరు. అది తన ఇంటి మీదుగా పోతున్నా పట్టుకుని పరుస్తారు, ఎందుకంటే ఆ రోజు కళ్ళతో చూశారు కాబట్టి. దారాలు పడ్డాక ఎర్రగుండీలు ఎక్కడ పెట్టాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. టీకొట్టాయన తన కొట్టు మీద తనే ఎర్రది పెట్టి, చెయ్యి దులుపుకున్నాడు.

తరవాత జాబితా. అందులో మూడే వరసలు: ఇల్లు, అందులో ఉండేవాళ్ళు, ప్రమాదం గంట మోగితే ఆ తలుపు ఎవరు కొడతారు. తలుపు మూడుసార్లు కొట్టాలి, మూడుసార్లు పొట్టిగా ఈల వేయాలి, లోపలి మనుషులు బయటికొచ్చేదాకా కదలకూడదు. ఆరో ఇంటి దగ్గర ఒకావిడ, మా అత్త సంగతికేముందమ్మా, ఎవరో ఒకరు తీసుకొస్తారు, అంది.

మ్యాపులమ్మ పెన్సిలు ఆపింది. "ఎవరో ఒకరు అనే మనిషి ఈ ఊళ్ళో ఉన్నాడా?" అని అడిగింది. "ఏ ఇల్లు ఆయనది? చూపించండి, గుండీ పెడతాను."

అందరూ నవ్వారు. ఆరో ఇంటావిడ కూడా నవ్వి, తన పెద్దకొడుకు పేరు చెప్పింది. ఈ మాట ఆమె వెళ్ళిన ప్రతిచోటా అంటుంది, ప్రతిచోటా నవ్వుతారు. తను మాత్రం నవ్వదు.

నలభయ్యో ఇంటిదాకా పేర్లు వరసగా వచ్చేశాయి. నలభై ఒకటో ఇంటి దగ్గర ఆగిపోయాయి.

అది అందరికంటే కింద, వాగు గట్టున ఉన్న ఒంటిగది. అందులో ఉండే ముసలాయనది గంట కొట్టే పని. గట్టున పాతిన కొలకర్ర మీద నీళ్ళు ఎర్రగీత తాకితే, చూరుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కని కొట్టాలి. ఆయన ఎడమ మోకాలు వంగదు. కాబట్టి మొట్టమొదట ప్రమాదం తెలిసేది ఆయనకే, చిట్టచివరికి కదిలేదీ ఆయనే. వరస ప్రకారం ఆ తలుపు కొట్టాల్సింది నలభయ్యో ఇల్లు. ఆ ఇల్లు టైలరమ్మది.

టైలరమ్మ మెడలో కొలతల టేపు అలాగే వేసుకుని వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, నిటారుగా, సూదికి తలకాయ పెట్టినట్టు ఉంటుంది. ఆమె అటు తిరిగి కూర్చుంది. నెమ్మదిగా ఒక్కొక్కరూ చెబితే తెలిసిందేమిటంటే, నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆయన గంట కొట్టాడు. ఊరంతా వానలో మెట్లెక్కింది. అందరూ పైకి చేరాక అరగంటలో వాగు తగ్గిపోయింది. ఏమీ జరగలేదు, ఒక్కటి తప్ప. ఎక్కేటప్పుడు డెబ్భయ్యో మెట్టు మీద టైలరమ్మ భర్త కాలు జారి వెనక్కి పడ్డాడు, మళ్ళీ లేవలేదు. అప్పటినుంచీ ముసలాయనకి ఉత్తుత్తి తాత అని పేరు పడింది. ఆ గుమ్మం తొక్కిన మనిషి లేడు. కొట్టులో సరుకులు కూడా గట్టు దగ్గర పెట్టి వచ్చేస్తారు.

"గంట కొట్టింది ఆయన. మూతబడింది నా ఇంటి తలుపు," అంది టైలరమ్మ, తల తిప్పకుండానే. "ఇప్పుడు నేను పోయి ఆయన తలుపు కొట్టాలా?"

మ్యాపులమ్మ పెన్సిలు కింద పెట్టింది. ఆ వరస ఖాళీగా ఉంచి, బస్సు నాలుగింటికి కదా, చూద్దాంలే, అనుకుని, సుద్ద మ్యాపుని గుడ్డ మీదికి ఎక్కించే పని మొదలుపెట్టింది. కాగితం వానాకాలం నిలవదు, గుడ్డ నిలుస్తుంది. గీతలు దారంతో కుట్టాలి, ఇళ్ళు గుండీలతో కుట్టాలి. గుండీలు కుట్టడానికి ఎవరైనా కావాలంటే, ఆ పనైతే చేస్తానని టైలరమ్మ గుడ్డ అందుకుంది.

మధ్యాహ్నం మ్యాపులమ్మ రెండు బన్నులు పట్టుకుని మెట్లు దిగింది. ఎవరూ చూడని తలుపు తను చూడకుండా రాయడం ఆమెకు చేతకాదు. నూట పన్నెండు మెట్లూ వేలితో గోడని రాస్తూ దిగింది. ఉత్తుత్తి తాత గుమ్మంలో కాలు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు. గది లోపల ఒక మంచం, ఒక గ్లాసు, ఒక కంచం. రెండో గ్లాసు లేదు. ఆయన తన గ్లాసు కడిగి టీ ఆమెకిచ్చి, తను గిన్నెలో తాగాడు. నాలుగేళ్ళుగా ఆ గదిలో ఇంకో మనిషి టీ తాగి ఉండడు. ఆ సంబరంతో ఆయన అడక్కుండానే ఆమె గ్లాసు మళ్ళీ నింపాడు.

పేరు దొరకలేదని ఆమె చెప్పలేదు. ఆయనే అర్థం చేసుకున్నాడు.

"ఖాళీ వదిలెయ్యి తల్లీ. గంట కొట్టేది ఊరి కోసం కదా, అది కొడతాను. ఆ తరవాత ఇక్కడే కూర్చుంటాను, కూర్చోవడం నాకు బాగా అలవాటే." కొలకర్ర చూపిస్తూ మళ్ళీ అన్నాడు: "ఆ రోజు నీళ్ళు ఎరుపు తాకాయి. రెండుసార్లు చూసుకున్నాకే కొట్టాను. తగ్గిపోతామని నీళ్ళు నాకు ముందే చెప్పలేదు కదా."

ఆమె కొలకర్ర వైపు చూసింది. ఎర్రగీతకి ఆయన ఈమధ్యే కొత్త రంగు వేసినట్టున్నాడు, తడి ఆరినా మెరుపు పోలేదు.

"మరి నీ తలుపు ఎవరు కొడతారు?" అని అడిగాడు తాత, బన్ను తుంచుకుంటూ. ఇన్ని ఊళ్ళలో, ఇన్నేళ్ళలో, ఎదురు ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయనే.

"కరెంటు మీటరు చూసేవాడు కొడతాడు," అందామె. "నెలకొకసారి. ఒకటో తారీఖున, తప్పకుండా."

తాత పెద్దగా నవ్వాడు. నవ్వి, ఆమె నవ్వట్లేదని చూసి, ఆపేశాడు.

పైకి ఎక్కేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. బడి గదిలో టైలరమ్మ ఒక్కతే ఉంది. గుడ్డ ఒళ్ళో పరుచుకుని గుండీలు కుడుతోంది. నలభై ఒకటో ఇంటి చోట నల్లగుండీ కుట్టేసింది. మ్యాపులమ్మ దగ్గరికెళ్ళి చూసి గతుక్కుమంది. పెచ్చూడిన అంచు, నాలుగు కన్నాలు. ఆ గుండీని ఆమె ప్రతి ఊరికీ తీసుకెళ్తుంది, ఎక్కడా వదిలిపెట్టదు. నేల మీద మ్యాపు దాకానే దాని పని. గుడ్డ దగ్గరకొచ్చేసరికి తీసి దాచుకుని, దాని బదులు మామూలు నల్లది పెడుతుంది. ఇవాళ మెట్లు దిగే తొందరలో తీయడం మరిచింది.

"ఇది చొక్కాది కాదు," అంది టైలరమ్మ. "ఇంత మందం గుండీ స్వెటర్లకే పెడతారు. ఎవరిది?"

"మా అమ్మది. ఊడిపోతే కుట్టిపెడతానని తీసుకుని పర్సులో వేసుకున్నాను. రేపు కుడతా, రేపు కుడతా అని వారం గడిపాను."

టైలరమ్మ సూది ఆపి చూసింది. మ్యాపులమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు. ఎందుకు చెప్పిందో తెలియదు, కుట్టుపని చేస్తున్న మనిషి పక్కన కూర్చుంటే మాట దానంతటదే వస్తుందేమో. వాళ్ళ ఊళ్ళో ఏరు పొంగిన రోజు ఇంట్లో ముగ్గురున్నారు. తల్లి, తను, తమ్ముడు. తను ముందు గుమ్మంలోంచి బయటపడింది, తమ్ముడు పెరటి గోడ దూకాడు. గుట్ట మీద ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నప్పుడు ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది. నువ్వు తీసుకొచ్చావనుకున్నాను. ఇరవయ్యేళ్ళయింది. ఆ తరవాత అక్కాతమ్ముళ్ళ మధ్య ఇంకో మాట పుట్టలేదు. మొహం చూసుకుంటే ఆ మాటే గుర్తొస్తుంది కాబట్టి చూసుకోవడం మానేశారు. తమ్ముడు వేరే పట్నంలో ఉన్నాడు. అతని నంబరు ఆమె ఫోనులో ఉంది. ఆ నంబరుకి ఆమె ఎప్పుడూ చేయలేదు, అతనూ చేయలేదు.

"విప్పెయ్యమంటావా?" అంది టైలరమ్మ. "దారం ఇంకా ముడి వేయలేదు."

మ్యాపులమ్మ ఆ గుండీ వంక చూసింది. గుడ్డ మీద నీలం దారానికి ఆనుకుని, ఒంటరిగా, అన్నిటికంటే కింద ఉంది.

"వద్దులే. ఉండనీ. ఊడకుండా మాత్రం కుట్టు."

టైలరమ్మ సూదిలో మళ్ళీ దారం ఎక్కించుకుంది. ఈసారి రెండు పేటలు వేసింది. నలభై ఒకటో తలుపు గురించి ఆమె ఒక్క మాటా అనలేదు, మ్యాపులమ్మా అడగలేదు.

మూడున్నరకి అందరినీ మళ్ళీ పిలిచి, గుడ్డ గోడకి బిగించి, దాని పక్కన జాబితా అతికించింది. చివరి వరస ఎదురుగా పెన్సిలు పట్టుకుని నిలబడి, మరొకసారి అడిగింది. ఎవరైనా. ఒక్కరు. ముప్పై మందికి పైగా ఉన్నారు గదిలో. ఒకరు పైకప్పు వంక చూశారు, ఒకరు చెప్పు వంక చూసుకున్నారు. అందరూ కలిసి టైలరమ్మ వంక చూడకుండా జాగ్రత్తపడ్డారు. అక్కడ నిజంగా చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. టైలరమ్మ దుఃఖాన్ని దాటి పోవడం మర్యాద కాదని అందరూ అనుకున్నారు, అంతే. బయట కింద రోడ్డు మీద బస్సు హారను కొట్టింది.

మ్యాపులమ్మ ఆ వరసలో తన పేరు రాసింది. గోడ మీద కాగితంలో రాసి, సంచిలోని ప్రతి తీసి దానిలోనూ రాసింది. పెద్దసారు బతికుంటే పెన్సిలు లాక్కునేవాడు.

"నాలుగ్గంటల దూరం కదమ్మా నీది," అన్నాడు టీకొట్టాయన. "నువ్వొచ్చేసరికి ఈ వాగునీళ్ళు సముద్రంలో కలిసిపోతాయి."

"అందుకే పెన్సిలుతో రాశాను. మీలో ఎవరైనా అది చెరిపి మీ పేరు రాసుకోండి. రాసిన రోజు నాకొక ఫోను కొట్టండి, సంచిలోది నేను దిద్దుకుంటాను. అప్పటిదాకా ఆ తలుపు నాది."

రబ్బరు కూడా అక్కడే, జాబితా కింద మేకుకి దారం కట్టి వేలాడదీసింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుని బస్సు వైపు నడిచింది. ఆ సాయంత్రం గదికి చేరి, తలుపు మీది చీటీ తనే చదివి, తనే చింపేసింది. డబ్బాలో నల్లగుండీల పొట్లం కాస్త సన్నబడినట్టనిపించింది.

అది జూన్ మొదటివారం.

జూలైలో ఒక మధ్యాహ్నం టైలరమ్మ బడికి వెళ్ళింది. గుడ్డ అంచు ఒకచోట విడిపోయిందని ఎవరో చెప్పారు. అంచు కుట్టింది. కుట్టాక, గదిలో ఎవరూ లేరు కదా అని, జాబితా ముందు చాలాసేపు నిలబడింది. మేకుకి వేలాడుతున్న రబ్బరు తీసుకుని చివరి వరసలో పేరు చెరిపింది. తన పేరు రాసింది. కాగితం కింద మ్యాపులమ్మ ఫోను నంబరు ఉంది. చేయలేదు. ఫోను చేసి చెప్పడమంటే ఆయన్ని క్షమించానని తన నోటితో ఒప్పుకున్నట్టే అవుతుంది. రాసినంత తేలిక కాదు అనడం. సెప్టెంబరులో మ్యాపులమ్మ ఎలాగూ మళ్ళీ వస్తుంది, అప్పుడు తనే చూసుకుంటుందిలే అనుకుంది.

ఆగస్టు రెండోవారంలో వాన పట్టుకుంది. మూడు రోజులు విడవలేదు. గురువారం పొద్దున మ్యాపులమ్మ ఆ ఊరికి ఫోను చేసింది, కలవలేదు. టీకొట్టాయనకి చేసింది, కలవలేదు. ఆఫీసుకి చేసింది. అక్కడ ఫోనెత్తిన మనిషి మంచివాడే. మీరేం కంగారుపడకండి, అక్కడ ఎవరో ఒకరు చూసుకుంటారు లెండి, అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి, సంచిలోంచి జాబితా తీసి చూసింది. నలభై ఒకటి. ఎదురుగా తన పేరు.

ఈసారి సుద్ద అక్కర్లేదు, దారం అక్కర్లేదు. గుండీల డబ్బా బల్ల మీదే వదిలేసింది. ఈల, టార్చిలైటు, వానకోటు. తలుపు లోపల చీటీ అతికించింది. బస్సులో మూడో సీటు ఖాళీగానే ఉంది. బస్సంతా ఖాళీగానే ఉంది. ఊరికి రెండు మలుపుల ముందు, ఇక బండి పోదని కండక్టరు ఆపేశాడు. దిగొద్దమ్మా, వెనక్కే వచ్చెయ్యమన్నాడు. ఒక తలుపు కొట్టే పని ఉంది, కొట్టి వచ్చేస్తానని ఆమె దిగి, కుడిభుజం వాల్చుకుని వానలోకి నడిచింది.

తాత ఒకటిన్నరకే గంట మోగించాడు. మోగడం పూర్తికాకముందే టైలరమ్మ ఆయన గుమ్మంలో ఉంది. నాలుగేళ్ళ తరవాత ఆయనతో ఆమె అన్న మొదటి మాట, లే, అని. రెండో మాట, బరువంతా నా మీద వెయ్యకు. మెట్టుమెట్టుకీ తిట్టుకుంటూ, భుజం పట్టి ఎక్కించింది. డెబ్భయ్యో మెట్టు దగ్గర ఇద్దరూ కాసేపు ఆగారు. రెండుంబావుకి అందరూ బడిలో ఉన్నారు. టీకొట్టాయన జాబితా దగ్గర నిలబడి ఒక్కో ఇల్లూ పిలిచాడు. నలభై ఒక్క ఇళ్ళూ పలికాయి. ఆమె నేర్పినట్టే, ఒక్క తలుపూ మిగల్లేదు.

మూడు గంటలప్పుడు కింద వాగు వైపు నుంచి ఈల వినిపించింది. పొట్టిగా, మూడుసార్లు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీకొట్టాయన మళ్ళీ లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. ఇంకెవరుంటారు కింద, కరెంటువాళ్ళెవరో అయివుంటారు, అన్నాడు ఒకాయన. మళ్ళీ మూడు ఈలలు.

"అది నా తలుపు దగ్గర," అన్నాడు తాత.

టైలరమ్మ గోడ వంక చూసింది. చివరి వరసలో తన పేరు కింద, చెరిపినా పూర్తిగా పోని పాత అక్షరాలు మసగ్గా కనిపించాయి. ఆమె చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. బడి నుంచి ముప్పై మెట్లు దిగిందో లేదో, ఎర్రదారం పరిచిన చోటనే, చరియ కదిలింది. ఆ చప్పుడు ఆగేసరికి కింద వాగూ లేదు, కొలకర్రా లేదు, ఒంటిగదీ లేదు. ఆ తరవాత ఈల వినిపించలేదు.

సెప్టెంబరు ఒకటిన కరెంటు మీటరు చూసేవాడు వచ్చి మ్యాపులమ్మ గది తలుపు కొట్టాడు. మూడుసార్లు కొట్టి, పలక్కపోతే, వెళ్ళిపోయాడు. తమ్ముడు ఆ వారంలోనే వచ్చి తలుపు తెరిపించాడు. లోపలివైపు చీటీ అలాగే ఉంది. ఊరి పేరు, బస్సు, నలభై ఒకటో తలుపు, సాయంత్రం ఎనిమిదింటికి తిరిగొస్తాను. అతను దాన్ని చింపలేదు. గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆ ఊరు వెళ్ళాడు. బడి గోడ ముందు నిలబడి, నల్లగుండీని గుర్తుపట్టి, ఇది విప్పకండి, అని మాత్రం అన్నాడు. డబ్బా టైలరమ్మకి ఇచ్చి వెళ్ళాడు.

మ్యాపులమ్మ తిరిగి రాలేదు. చివరి ఈల వినిపించింది ఆగస్టు పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం మూడు దాటాక. గోడ మీది గుడ్డ మీద, నీలం దారానికి ఆనుకుని, ఇప్పుడు లేని ఇంటి చోట, అంచున పెచ్చూడిన నల్లగుండీ రెండు పేటల దారంతో గట్టిగా కుట్టి ఉంది.